చీమలు లేని భవనం

మా భవనంలో చీమలు లేవు. ఈ సంగతి నివాసుల సంఘం సర్వసభ్య సమావేశంలో ఏకగ్రీవంగా తీర్మానమై, లిఫ్టు పక్కన అద్దాల పెట్టెలో అంటించి ఉంది. నమ్మనివాళ్ళు వచ్చి చదువుకోవచ్చు. చదివేటప్పుడు గోడకు ఆనుకోకుండా నిలబడితే మంచిది.

ఇంత స్పష్టమైన విషయానికి తీర్మానం దేనికని మీకు అనుమానం రావచ్చు. కింది అంతస్తులో వెనకవైపు వాటాలో బట్టలు కుట్టే ఆవిడ ఉండేది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, ఆవిడ ఒకనాడు సంఘం అధ్యక్షుల వారి తలుపు కొట్టి, "మా ఇంట్లో చీమలున్నాయండీ" అని చెప్పేసింది. మెట్ల మీద మనుషులు తిరిగే వేళ, గొంతైనా తగ్గించకుండా. పరువుగల మనిషి అనాల్సిన మాటేనా అది?

ఆవిడ తల్లి పక్షవాతంతో మంచం పట్టింది. చేతులు లేవవు, మాట పెగలదు. ముఖం మీద ఏం పాకినా తోలుకోలేదు, కూతుర్ని పిలవనూ లేదు. ఈ చీమలు కుట్టే రకం కాదు, పొట్ట చివర నుంచి పుల్లటి నీరేదో చిమ్ముతాయి. కంట్లో పడితే భగ్గున మంట. కూతురు కుట్టుమిషను ముందు నుంచి లేచి వెళ్ళి చూసేసరికి ముసలావిడ కళ్ళు ఎర్రగా వాచి ఉండేవి. మంచం కోళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టి చూసింది. చీమలు గోడెక్కి, దోమతెర తాడు మీదుగా దిగాయి. అంత పట్టుదల మా సంఘానికి ఉండి ఉంటే మేడ మీద నీళ్ళ ట్యాంకు కారడం ఎప్పుడో ఆగేది.

అధ్యక్షుల వారు విశాల హృదయులు. ఖర్చు తమది కాదు కనుక, వ్యవసాయ కళాశాలలో పురుగుల గురించి పాఠాలు చెప్పే మేడంగారిని వెంటనే పిలిపించారు. ఆమె మెట్ల గోడ మీది చీమల్ని గాజు సీసాలోకి పట్టి, భూతద్దంతో చూసి, సమావేశంలో ఇలా చెప్పారు:

"పసుపు ఒళ్ళు, పొడుగు కాళ్ళు, దారి తప్పినట్టు ఆ పరుగులు. ఇవి ఇక్కడి చీమలు కావండీ. పూలకుండీల మట్టిలోనో, ఓడ సరుకులోనో వేరే దేశం నుంచి వచ్చినవి. ఒక్కో గూట్లో బోలెడు రాణులుంటాయి. మీరు మందు కొడితే పైన తిరిగేవి చస్తాయి, రాణులు పక్కింటికి మారతాయి. కాబట్టి ఎవరూ మందు కొట్టకండి. తీపిలో కలిపిన ఎర ఇస్తాను. చీమలే దాన్ని మోసుకెళ్ళి రాణులకు పెడతాయి. కాకపోతే చీమలున్న ఇళ్ళన్నిట్లో ఒకే రోజు పెట్టాలి. ఎవరెవరింట్లో ఉన్నాయో చెప్పండి."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, మా వాళ్ళు చొక్కాలు దులుపుకున్నారు. బ్యాంకు మేనేజరు మాత్రం మెడ మీద ఏదో పాకుతున్నా తపస్సులో ఉన్నట్టు చలించలేదు. అందరిళ్ళలోనూ పెట్టేస్తే పోలా అని ఎవరో గొణిగారు. "పెట్టుకుంటే ఉన్నాయని ఒప్పుకున్నట్టేగా" అని కార్యదర్శి భార్య తేల్చేసింది. మేడంగారు ఎర సంచీలోంచి తీయనే లేదు.

అప్పుడు బట్టలు కుట్టే ఆవిడ లేచింది. "మా అమ్మ కళ్ళు పోతాయండీ. కుట్టమని మీరిచ్చే బట్టల మడతల్లో కూడా ఇవే చీమలు. ఒక్క పూట ఒప్పుకోండి, చాలు."

"మా చీరల్లో చీమలున్నాయంటే మీ ఇంటికొచ్చాకే ఎక్కుంటాయి" అంది కార్యదర్శి భార్య. సభ తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. అధ్యక్షుల వారు గొంతు సవరించుకున్నారు.

"సోదర సోదరీమణులారా, చీమ అనేది శుభ్రత లేని ఇంటికి వస్తుంది. మనది శుభ్రమైన భవనం. కనుక మన భవనానికి చీమ రాదు. వచ్చినట్టు కనిపిస్తే, అది మరెక్కడికో వెళ్తూ మన గోడ వాడుకుంటోందని అర్థం చేసుకోవాలి."

చప్పట్లు మోగాయి. ఆ చప్పట్ల మధ్య కొన్ని చీమలు నలిగి చచ్చాయి గానీ, లేనివాటి చావు మినిట్స్‌లో రాయరు.

మర్నాడు వీధి చివరి కొట్లో చీమల మందు డబ్బాలు ఖాళీ అయిపోయాయి. కొన్నవాళ్ళందరూ మా వాళ్ళే, అందరూ బంధువుల కోసమే కొన్నారు. తలుపులు బిగించుకుని తలో గదిలో కొట్టారు. గుమ్మాల్లో మందు సుద్దతో గీతలు గీశారు. మేడంగారు చెప్పింది చెప్పినట్టే జరిగింది. పై ఇళ్ళ చీమలు గుడ్లు నోట కరుచుకుని, పైపుల వెంట కింది అంతస్తుకి దిగాయి. పై ఇళ్ళవాళ్ళు కొన్నాళ్ళు హాయిగా నిద్రపోయారు.

ముసలావిడ ఎడమ కంట్లో పువ్వు పడింది. ఇక చూపు రాదని కంటి డాక్టరు చెప్పాడు. కబురు విని కూడా మా సంఘానికి చీమ కుట్టినట్టైనా లేదు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. కాసేపు మండి ఊరుకుంది.

ఆ వారమే సంఘం ఆ వాటా యజమానికి నోటీసు పంపింది. లేని చీమలను ఉన్నట్టు ప్రచారం చేసి భవనం విలువ దిగజార్చిన కారణంగా, సదరు అద్దెదారును ఖాళీ చేయించవలెను. కూతురు తల్లిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఆటో దాకా మోయించుకుంది. కార్యదర్శి భార్య ముసలావిడకు నల్ల కళ్ళద్దాలు బహూకరించింది. ఈ వయసులో కళ్ళు పోవడం మామూలేనని ఓదార్చింది కూడా. కూతురు ఆ అద్దాలు తీసుకుని తల్లి ఒళ్ళో పెట్టింది.

మొన్న ఆ వాటా చూసుకోవడానికి కొత్త జంట వచ్చింది. భర్త లోపల కుళాయిలు తిప్పి చూస్తున్నాడు. భార్య భుజం మీద చంటిపాప నిద్రపోతోంది, పెదవి చివర పాల చార ఎండి ఉంది. నేను మెట్లు దిగుతుంటే ఆ అమ్మాయి ఆపింది.

"ఇదివరకున్నవాళ్ళు ఎందుకు ఖాళీ చేశారండీ? చీమలూ అవీ ఏమైనా ఉన్నాయా?"

పాప ముఖం వంక చూశాను. నా చొక్కా చేతిలోంచి ఒకటి మోచేతి దాకా పాకింది. చేయి వెనక్కి పెట్టుకున్నాను.

"అబ్బే, అలాంటివేం లేవమ్మా. శుభ్రమైన భవనం."

మీరైతే నిజమే చెప్పేవారు. మీకేం, మీ ఇంట్లో చీమలు లేవు కదా.