కాగితం మీద నిలిచిన ట్రాఫిక్

ఊరి చివర కట్టబోయే టౌన్‌షిప్ ప్లాను మీద సోమవారం ఉదయం ట్రాఫిక్ ఆగిపోయింది. కాగితం మీద గీసిన కార్లు, ఆటోలు, ఒక బస్సు, ఒక అంబులెన్సు ఎక్కడివక్కడ నిలిచిపోయి హారన్లు కొట్టడం మొదలుపెట్టాయి.

నగరాభివృద్ధి సంస్థ ట్రాఫిక్ విభాగంలో ఇది వింతేమీ కాదు. ఏ ప్లాను వచ్చినా దాన్ని పొడవాటి బల్ల మీద పరిచి, నాలుగు మూలలా పేపర్‌వెయిట్లు పెట్టి, ఫ్యాను ఆపేసి, గీసిన వాహనాలు ఎలా తిరుగుతున్నాయో చూడటమే అక్కడి ఉద్యోగం. సాయంత్రం దాకా సాఫీగా తిరిగితే ఆమోదిస్తారు. లేకపోతే వాహనాలన్నిటినీ షీటు అంచు దాటించి పక్కనున్న తెల్లకాగితం మీదికి పంపేసి, ప్లానును నిలువునా చింపేస్తారు. పేపర్‌వెయిట్లు సరిహద్దు గీతకు బయటే ఉండాలని గట్టి ఉత్తర్వు ఉంది. టీ గ్లాసులు బల్ల దగ్గరికి రాకూడదు. ఇదివరకు ఒక పెద్దాయన గ్లాసు అడుగు మచ్చ రింగు రోడ్డుగా ఆమోదం పొంది, దాని మీద ఇప్పుడు లారీలు తిరుగుతున్నాయి.

ప్లాను చూడాల్సిన బాధ్యత తిలోత్తమది. ఆ విభాగంలో ఆమె సీనియర్ అధికారి. ఆమె సంతకం పెట్టిన కూడళ్ళ దగ్గర ముసలివాళ్ళు పరుగెత్తకుండా రోడ్డు దాటుతారని ఆఫీసులో గొప్పగా చెప్పుకునేవారు. ఎవరి సిఫార్సుతో వచ్చిన ప్లానైనా సరే, ఆగిపోయిన దాన్ని ఆమె ఆమోదించిన రోజు లేదు. అందుకని బిల్డర్లు ఆమెను తిట్టుకునేవారు. తమ సొంత ఇల్లు కొనుక్కునేటప్పుడు మాత్రం ఆమె ఆమోదించిన కాలనీలోనే కొనుక్కునేవారు.

బిల్డరు తరఫున వచ్చిన కన్సల్టెంటు పేరు కిరీటి. మర్యాదస్థుడు. తిలోత్తమ భూతద్దం పెట్టి చూసి అతన్ని పిలిచింది.

"కార్లన్నీ ఆ ర్యాంపు ముందర ఎందుకు ఆగాయండీ?"

"బేస్‌మెంటు వేరే షీటులో ఉంది మేడం. అది ఫైర్ విభాగం దగ్గర ఉంది. ఈ షీటులో ర్యాంపు వరకే గీశాం."

"మరి ఇవి ఎక్కడికి దిగాలి?"

"ఆ షీటు వచ్చాక దిగుతాయి మేడం. మా స్టడీ ప్రకారం అసలు ఎక్కడా ఆగకూడదు."

"ఆగాయి కదండీ."

"ఆగాయి మేడం. స్టడీలో మాత్రం ఆగలేదు."

పార్కింగు దొరకని కార్లు ర్యాంపు ముందు బారులు తీరాయి. ఆ బారు పెరిగి కూడలిని మూసేసింది. కూడలి మూసుకుపోయేసరికి నాలుగు వైపులా రోడ్లు నిండిపోయాయి. అంబులెన్సు సరిగ్గా మధ్యలో ఇరుక్కుంది. తిలోత్తమ చెవి కాగితానికి ఆనించింది. డ్రైవరు కిందకి దిగి, ముందున్న కారు బానెట్ మీద చేత్తో చరుస్తున్నాడు. అతని పేరు దావీదు.

"లోపల ఎవరున్నారు బాబూ?" అని అడిగింది తిలోత్తమ.

"కాన్పు మనిషండీ. ఝాన్సీ అని, తొలి కాన్పు. నొప్పులు ఎక్కువైనయ్యి. ఆసుపత్రి అదుగో, ఎదురుగానే బోర్డు కనపడతా ఉంది. బండి మాత్రం అంగుళం కదలట్లా. ఎట్టాగైనా దారి ఇప్పించండమ్మా."

పొద్దెక్కేకొద్దీ కిటికీలోంచి ఎండ బల్ల మీదికి పాకింది. కాగితం మీద చెట్లు గీశారు గానీ అవి పైనుంచి చూసినట్టు గీసిన పచ్చటి చుక్కలు. వాటికి నీడ ఉండదు. తిలోత్తమ ఒక అట్ట తీసి అంబులెన్సుకు ఎండ తగలకుండా పట్టుకుని నిలబడింది. ఆమె ఎడం భుజానికి పాత నొప్పి ఉంది. అయినా చెయ్యి దించలేదు. చూసినవాళ్ళందరికీ ఆమె మీద గౌరవం పెరిగింది. ఒకరిద్దరు ఫోటో కూడా తీసుకున్నారు.

కాసేపటికి ఆమె కిరీటిని దగ్గరికి రమ్మంది. "ఈ అట్ట మీరు పట్టుకోండి. నేను ఫైర్ విభాగానికి వెళ్ళొస్తాను."

"మేడం, నేను అవతలి పార్టీ కదా. నేను పట్టుకోవచ్చా?"

"ఎండ అందరికీ ఒకటేనండీ. పట్టుకోండి."

అతను మారుమాట లేకుండా పట్టుకున్నాడు.

ఫైర్ విభాగంలో అధికారి బేస్‌మెంటు షీటు ముందు కూర్చుని ఉన్నాడు. అది ఖాళీగా, చల్లగా, ప్రశాంతంగా ఉంది. దాన్ని ఖాళీగా ఉండగానే పరీక్షించాలని నిబంధన అనీ, కార్లు దిగితే తమ పని మళ్ళీ మొదటికొస్తుందనీ ఆయన చెప్పాడు. తిలోత్తమ వాదించలేదు. "పైన ఒక ఆడమనిషి నొప్పులు పడుతోంది. మెమో ఇస్తే నాకివ్వండి" అని షీటును చుట్టి చంకలో పెట్టుకుని వచ్చేసింది. ఆయన ఆపడానికి లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. ఇంటికెళ్ళి భార్యకు ఈ సంగతి చెప్పి, తానే షీటు ఇచ్చేశానని చెప్పుకున్నాడట.

బేస్‌మెంటు షీటును ప్లాను అడుగున జరిపి, ర్యాంపు గీతకు గీత కలిపారు. కలిసీ కలవగానే కార్లు జరజరా దిగిపోయాయి. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టబోయి, గాలికి కాగితం లేస్తుందని మానుకున్నారు. కానీ బేస్‌మెంటు చూస్తూండగానే నిండిపోయింది. అపార్టుమెంట్లలో సగం మందికి కారు ఉండదనే లెక్క మీద దాన్ని గీశారు. అది నిబంధనలకు సరిపోయింది, కార్లకే సరిపోలేదు. కదిలిన కాసిని కార్లు మళ్ళీ నిలిచిపోయాయి. ఆ కాస్త సందులోనే దావీదు అంబులెన్సును ఆసుపత్రి గేటు దాకా లాక్కెళ్ళాడు.

అక్కడ దిగి, ఆకాశం వైపు, అంటే తిలోత్తమ వైపు, చూశాడు.

"అమ్మా, ఇక్కడ చుక్కలే ఉన్నయ్యి. గోడల్లేవు, డాక్టరు లేడు. ఏందమ్మా ఇది?"

కిరీటి గొంతు సవరించుకున్నాడు. "అది ప్రతిపాదిత ఆసుపత్రి మేడం. రెండో దశలో వస్తుంది. అందుకే చుక్కల గీత."

"ఆవిడకి మొదటి దశలోనే నొప్పులొచ్చాయి కదండీ" అంది తిలోత్తమ. తన చేతిలో ఉన్నది ఎర్ర పెన్ను. దాంతో అభ్యంతరాలు రాయొచ్చు గానీ గదులు గీయకూడదు. గీసినా అందులో డాక్టరు ఉండడు.

అప్పుడు బస్సులోంచి ఒక పెద్దావిడ దిగింది. ఆమె పేరు మస్తానమ్మ. ఊళ్ళో కాన్పులు చేసిన మనిషి. చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని కార్ల మధ్యన అడ్డంగా నడుచుకుంటూ వచ్చింది.

"జరగండయ్యా, జరగండి. ఆసుపత్రి వచ్చేదాకా బిడ్డ ఆగిద్దా? ఎవురన్నా ఒక బాటిలు నీళ్ళు ఇయ్యండి. నువ్వు అటు తిరిగి నిలబడవయ్యా డ్రైవరూ."

కార్లలో వాళ్ళు ఒక్కసారిగా హారన్లు ఆపేశారు. ఒకాయన ఇంజను ఆపి నీళ్ళు అందించాడు. బైకు మీద కూర్చున్న అమ్మాయి చున్నీ ఇచ్చింది. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళెవరూ ఊపిరి గట్టిగా పీల్చలేదు. కొంతసేపటికి కాగితంలోంచి పసిబిడ్డ ఏడుపు వినిపించింది. ఈసారి చెవి ఆనించాల్సిన అవసరం కూడా రాలేదు. ఆడపిల్ల. తిలోత్తమ మొహం పక్కకు తిప్పుకుంది. కన్నీటి చుక్క షీటు మీద పడితే వరద ముంపు పరిశీలన మళ్ళీ మొదటినుంచి చేయాల్సి వస్తుంది.

ఇక మిగిలింది తిరస్కరించడం. అభ్యంతరాలు ఎర్ర పెన్నుతో తనే రాసింది. కానీ చింపే ముందు వాహనాలు షీటు అంచు దాటాలి, దాటాలంటే కదలాలి. వాటిని కదిలించే దారి ఎవరికీ తట్టలేదు. రోజులు గడిచాయి. కాగితం మీద మనుషులు ఎవరి సర్దుబాటు వాళ్ళు చేసుకున్నారు. రెండు కార్ల మధ్య తాడు కట్టి బట్టలారేశారు. బస్సు వెనక సీట్లలో పిల్లలకు చదువు మొదలైంది. ఒకాయన డిక్కీ తెరిచి ఇడ్లీ అమ్ముతున్నాడు. దావీదు అంబులెన్సు చిన్న దవాఖానా అయింది. పక్క పక్క కార్లలో ఉన్న ఒక అబ్బాయికీ అమ్మాయికీ పెళ్ళి కుదిరింది. ఊరేగింపు కారు పైనే, ఉన్నచోటనే జరిగింది.

డైరెక్టరు కోదండపాణి గారు రోజూ వచ్చి చూసి ముచ్చటపడేవారు. "ఎంత ఓపిక తిలోత్తమ గారూ! ఎంత క్రమశిక్షణ! ఇలాంటి పౌరులు దొరకాలంటే ప్రభుత్వాలు పెట్టిపుట్టాలి" అన్నారు. చింపే ప్రసక్తి ఆయన ఎత్తలేదు. తిలోత్తమే ఎత్తింది.

"ఇది ఆమోదిస్తే బయట నిజంగా ఇలాగే కడతారు సార్."

"తిరస్కరిస్తే నిజంగా చింపాలి. లోపల పసిబిడ్డ ఉంది. మీరు చింపగలరా?"

ఆమె ప్రజాభిప్రాయ సేకరణ జరపాలని పట్టుబట్టింది. సేకరణ రోజు కుర్చీ బల్ల దగ్గరికి లాక్కుని, చెవి ఆనించి, ఒక్కొక్కరినీ ఓపిగ్గా అడిగింది. ఇడ్లీలాయన నీళ్ళ కుళాయి కావాలన్నాడు. పంతులమ్మ బస్సుకు కిటికీ తెరలు అడిగింది. పెళ్ళయిన జంట పెద్ద కారు అడిగారు. ఝాన్సీ బిడ్డను భుజాన వేసుకుని వచ్చి, జనన ధ్రువపత్రంలో ఊరి పేరు ఏం రాయాలని అడిగింది. కదలాలని మాత్రం ఎవరూ అడగలేదు.

"దావీదూ, దారి ఇప్పించమన్నావు కదయ్యా" అంది తిలోత్తమ.

"అప్పుడంటే తెలియక అన్నానమ్మా. ఇప్పుడు ఇక్కడ అందరం కుదురుకున్నాం. కాయితం మాత్రం చింపబాకండి."

తిలోత్తమ ఎర్ర పెన్నుకు మూత పెట్టేసింది. తర్వాత సంతకం పెట్టింది. ప్లానును 'ప్రస్తుత నివాస స్థితి'గా క్రమబద్ధీకరిస్తున్నట్టు సంస్థ కమిటీ తీర్మానించింది. కుళాయి, కిటికీ తెరలు తిలోత్తమ షరతులుగా చేర్చించింది. ఆ రెండూ ఆమె సాధించినవే. వాటికి ఆమెకు సన్మానం జరిగింది. కిరీటి శాలువా కప్పి, ఆమె అంతటి మనిషిని తాను చూడలేదన్నాడు. అది మనస్ఫూర్తిగా అన్న మాటే.

టౌన్‌షిప్ కట్టారు. గీతకు గీత తేడా లేకుండా కట్టారు. ప్రారంభోత్సవం రోజు ఉదయం రిబ్బను కత్తిరించగానే కార్లు కొత్త రోడ్డు మీదికి వచ్చాయి, కాసేపటికి ఆగిపోయాయి. వాటి మధ్యలో తిలోత్తమ ఎక్కిన ఆటో కూడా ఉంది. ఆమె దిగి చూసింది. ఎవరూ హారన్ కొట్టడం లేదు. ఇంజన్లు ఆపేసి, తలుపులు తెరుచుకుని, కొందరు కాళ్ళు బయటపెట్టి కూర్చున్నారు. డివైడరు మీద ఒకాయన పేపరు చదువుకుంటున్నాడు. ఆమెను చూసి కాస్త పక్కకు జరిగి చోటిచ్చాడు.

"ఎంతసేపు పడుతుందంటారండీ?" అని అడిగింది తిలోత్తమ.

ఆయన పేపరులోంచి తలెత్తి ఆమెను జాలిగా చూశాడు.

"మీరు ఈ ఏరియాకి కొత్తా అమ్మా? ఈ రోడ్డు మొదట్నించీ ఇంతే" అన్నాడు.