తొమ్మిదేళ్ల పర్మిట్, రెండు పెట్టెల తూటాలు

లేలాండ్ స్ట్రాండ్ ఆ మంగళవారం పొద్దున వేసుకున్న ప్లాను చాలా చిన్నది. కాఫీ తాగాలి, ఒక పెట్టె తూటాలు కొనాలి, ఇంటికి రావాలి. అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో ఎల్క్ దుప్పిని వేటాడే పర్మిట్ లాటరీలో తగలడానికి అతనికి తొమ్మిదేళ్లు పట్టింది. శనివారం సీజను మొదలు. ఈసారి తప్పితే, మళ్లీ తగిలేనాటికి మోకాళ్లు కొండెక్కనివ్వవు.

"270 సైజు తూటాలా? మూడు నెలల్నుంచి ఒక్క పెట్టె రాలేదు," అంది తుపాకుల కొట్టు మార్జీన్. "ముప్పై-ముప్పై సైజువి రెండు పెట్టెలున్నాయి. ఆ గోడమీది పాత తుపాకీలో పడతాయి. ఎవడికీ అక్కర్లేదు."

"రెండూ ఇచ్చెయ్."

"మనిషికి ఒకటే. కరువు కదా."

లేలాండ్ తన 270 తుపాకీని అక్కడే ఇచ్చేసి పాతదాన్ని మార్చుకున్నాడు. రెండో పెట్టె కోసం ఎనభై ఒక్కేళ్ల అత్తగారు వెర్నాను ట్రక్కులో ఎక్కించుకొచ్చాడు. ఆవిడ పెట్టె చంకన పెట్టుకుని బయటికొస్తుంటే చర్చి పాస్టర్ ఎదురయ్యాడు.

"ఏంటమ్మా, ఈ వయసులో వేటకా?"

"ఉన్నప్పుడే కొనుక్కో నాయనా. తర్వాత ఏడిస్తే నేనేం చెయ్యలేను," అంది వెర్నా. రోజుకొక్కరినైనా కంగారుపెట్టకపోతే ఆవిడకు తిన్నది అరగదు.

ఆ మాట పాస్టర్ నోటినుంచి పాకి, 270 తూటాలు ఇక తయారే చెయ్యరట, వెర్నాకు లోపలి కబురు తెలుసట అని మధ్యాహ్నానికి ఊరంతా కోడై కూసింది. బుధవారం జనం బారులు తీరి తమ 270 తుపాకులు వదిలించుకున్నారు. మార్జీన్ పక్క ఊళ్ల నుంచి తెప్పించిన ముప్పై-ముప్పై తుపాకులను తూటాలతో సహా ఎత్తుకుపోయారు.

ఈ గోలేమీ తెలియని లేలాండ్ ఊరిబయట గురి సరిచూసుకుంటున్నాడు. పాత తుపాకీ ఎడమకు లాగుతోంది. మర తిప్పాడు, కాల్చాడు. మళ్లీ తిప్పాడు, మళ్లీ కాల్చాడు. గురువారం సాయంత్రానికి గురి బ్రహ్మాండంగా కుదిరింది. పెట్టెలు రెండూ ఖాళీ అయ్యాయి.

శుక్రవారం కొట్టుకు పరిగెత్తాడు.

"ముప్పై-ముప్పై తూటాలు ఒక్కటీ లేవు," అంది మార్జీన్. "270లైతే పొద్దున్నే నలభై పెట్టెలొచ్చాయి. కొనేవాడే లేడు."

"అయితే నా పాత తుపాకీ ఇటిచ్చెయ్."

"అందరివీ టోకున డెన్వర్ పంపించేశా. నీదొక్కటే మిగిలింది. అదీ ఇందాకే అమ్ముడుపోయింది."

లేలాండ్‌కు ఏడుపొచ్చినంత పనైంది. "ఎవరు కొన్నారు?"

"మీ అత్తగారే. చవగ్గా వస్తోందని పట్టుకుపోయింది."

లేలాండ్ ఒక పెట్టె 270 తూటాలు కొనుక్కుని ఇంటికొచ్చేసరికి వెర్నా ఆ తుపాకీని ఒళ్లో పెట్టుకుని తుడుస్తోంది.

"అత్తయ్యా, సీజను పది రోజులూ అది నాకివ్వండి. మీ కాళ్లు పట్టుకుంటా."

"కాళ్లెందుకులే. నన్నూ తీసుకెళ్లు, చాలు."

శనివారం తెల్లారేసరికి ఇద్దరూ ట్రక్కులో కొండమీదికి చేరారు. వెర్నా తన జీవితకథ పెళ్లి రోజు దగ్గర మొదలుపెట్టింది. మధ్యాహ్నానికి మొదటి కాన్పు దాకా వచ్చింది. ఆ గొంతుకు దుప్పులే కాదు, కాకులు కూడా కొండ దిగిపోయాయి. పది రోజులూ ఆవిడ వచ్చింది, పది రోజులూ చెప్పింది.

అంత కరువులోనూ లేలాండ్‌కు ఒక్క తూటా ఖర్చు కాలేదు.