పెడల్ మీద కొబ్బరికాయ

కళాసీల నెత్తిమీద బస్తా ఇక చరిత్రలో మాత్రమే కనిపిస్తుందని సరకుల శాఖామాత్యులు కామరాజుగారు విశాఖపట్నం వన్ టౌన్ సభలో ప్రకటించారు. ఆయన ప్రకటిస్తున్నంతసేపూ ఆయన మెడలోని గజమాలను ఇద్దరు కళాసీలు వెనకనుంచి ఎత్తి పట్టుకున్నారు. మంత్రిగారికి బరువంటే అంత పడదు.

ఈ వార్త మర్నాడు పేపర్లో పడింది. నేను చదువు నేర్చుకున్నది బజ్జీలు చుట్టే పాత పేపర్ల మీద. అందుకని వార్త మధ్యలో చిరిగిపోతే మిగతాది ఊహించుకోవడం నాకు అలవాటు. ఇది మాత్రం నా కళ్ళముందే జరిగింది కాబట్టి ఊహించాల్సిన పని లేదు. రేవు దగ్గర కళాసీల సహకార సంఘం గోడౌనుకి ఎదురుగా నాకు టీ బడ్డీ ఉంది. టీతోపాటు కొబ్బరికాయలూ అమ్ముతాను. రేవులో ఏ కొత్త వస్తువు కదలాలన్నా ముందు కాయ పగలాలి.

బస్తాలను చరిత్రలోకి పంపడానికి సంఘం వారు కొన్నది ఒక ఫోర్క్‌లిఫ్ట్. ముందుకు చాచిన రెండు ఇనప కమ్మీల మీద బస్తాల దొంతరని ఎత్తుకుని పోయే బండి. ఇదివరకటి బండ్లలా కాక, దీనికి లోపల కంప్యూటర్ ఉందట. ఇది 2003. కంప్యూటర్ లేని వస్తువుని మంత్రులు ప్రారంభించరు.

దాని డ్రైవరు మా అల్లుడు నూకాలు. మా ఆయన పోర్ట్‌బ్లెయిర్ ఓడ ఎక్కుతూ, మా తమ్ముడు సూరత్ రైలు ఎక్కుతూ నాతో అన్న మాట ఒకటే: "వచ్చేత్తాను." ఇద్దరూ మళ్ళీ రాలేదు. అప్పటినుంచి ఆ మాట మా ఇంట్లో ఎవర్నీ అననివ్వను. నూకాలు పొద్దున్న ఏమీ చెప్పకుండా పోతాడు, సాయంత్రం ఏమీ చెప్పకుండా మల్కాపురం ఇంటికొస్తాడు. అల్లుడిలో నాకు నచ్చిన గుణం అదే.

ప్రారంభం రోజున పంతులుగారు ముందు చక్రం దగ్గర కాయ కొట్టించబోయారు. సంఘం చైర్మన్ ఉదయ్‌కుమార్ అడ్డుపడ్డాడు. అతను పార్టీకి జెండాలు కట్టే స్థాయినుంచి జెండాలు కట్టించే స్థాయికి ఎదిగినవాడు.

"ఇది కంప్యూటర్ బండి పంతులుగారూ. దీన్ని కదిలించేది సక్రం కాదు, పెడల్. కాయ పెడల్ మీద కొట్టాలి. పైగా సార్ వంగలేరు."

శాస్త్రంలో పెడల్ ప్రస్తావన లేదు కనుక పంతులుగారు అభ్యంతరం చెప్పలేకపోయారు. ఆ కాయ నేనే ఏరి ఇచ్చాను. చెవి దగ్గర ఊపితే లోపల చెరువున్నట్టు మోగింది. మంత్రిగారు కొట్టిన దెబ్బకి నీళ్ళన్నీ పెడల్ మీదా, పెడల్ సందుల్లోకీ పోయాయి. తర్వాత ఆయన కమ్మీల మీద అమర్చిన చెక్క పీటమీద నిలబడి, చేతులు జోడించి, "పోనీయ్" అన్నారు.

బండి ఎంత హుందాగా కదిలిందని! గుడిలో పల్లకీ కూడా దానికన్నా తొందరపడుతుంది. దారికి రెండు పక్కలా జనం తాపీగా దండలు వేశారు. ఒక ఫోటోగ్రాఫర్ టీ తాగి వచ్చి మిగతా ఫోటోలు తీసుకున్నాడు. దిగాక మంత్రిగారు నూకాలు భుజం తట్టారు.

"డ్రైవింగ్ అంటే ఇదీ. సంస్కారం ఉన్న కాలయ్యా నీది!"

మర్నాడు ఎరువుల ఓడ వచ్చింది. నూకాలు పెడల్‌ని అడుగంటా తొక్కినా బండి పల్లకీ నడక మానలేదు. ముందున్న పలకమీద పసుపు లైటు వెలిగింది. దాని పక్కన ఈ-22 అని కోడ్ వచ్చింది. నెత్తిన బస్తాలతో కళాసీలు రెండువైపులనుంచీ బండిని దాటుకుపోతున్నారు.

"ఏటి నూకాలు బావా, ఊరేగింపేటి? మరి బాజాలు నేవేటి?" అన్నాడు కృష్ణంరాజు అనే కళాసీ, బస్తా కిందనుంచి.

"నానేటి సేసేది బావా? కాలు నొక్కతంది, బండి ఇనట్లేదు."

"మా ఆవిడా అంతే. నువ్వు మరీ గట్టిగా నొక్కకు."

సంఘం వెంటనే లోపాన్ని వెతకడానికి పూనుకుంది. మొదట బండి ముఖం దక్షిణానికి ఉందని ఉత్తరానికి తిప్పారు. తిప్పడానికి కళాసీలే తొయ్యాల్సి వచ్చింది. తర్వాత చక్రాలకింద నిమ్మకాయలు పెట్టారు. తర్వాత తాళం తీసి మళ్ళీ పెట్టారు. చివరికి ఉదయ్‌కుమార్ మంత్రిగారి బొమ్మ ఉన్న స్టిక్కర్ తెచ్చి పసుపు లైటుమీద అంటించాడు.

"లైటు కనపడతందా?" అన్నాడు.

"నేదు బాబూ," అన్నాడు నూకాలు.

"అయితే సగం ఫాల్ట్ పోయినట్టే."

మిగతా సగాన్ని ప్రతిపక్షాల పేపరు ఫోటోతో సహా వేసింది. మంత్రిగారు మండిపడి, సంఘం ఆఫీసులో విచారణ పెట్టారు. కంపెనీ నుంచి అనూరాధ అనే సర్వీస్ ఇంజినీరు వచ్చింది. పెందుర్తి నుంచి స్కూటీ మీద, హెల్మెట్‌లో జడ దోపుకుని. టీ కెటిల్ చేతిలో ఉంటే ఏ విచారణలోకైనా పోనిస్తారు కనుక నేనూ వెళ్ళాను.

"పెడల్ కింద రెండు సెన్సార్లు ఉంటాయి సార్," అంది అనూరాధ. "కాలు ఎంత నొక్కిందో రెండూ విడివిడిగా ఇంజిన్‌కి చెప్తాయి. రెండూ ఒకే మాట చెప్తే బండి పరుగెడుతుంది. మాటల్లో తేడా వస్తే ఇంజిన్ ఇద్దర్నీ నమ్మదు. లైటు వేసి మెల్లిగా నడుస్తుంది. ఈ-22 అంటే అదే."

"రెండెందుకు?" అన్నారు మంత్రిగారు.

"ఒకటి అబద్ధం చెప్తే తెలియడానికి సార్."

మంత్రిగారు ఉదయ్‌కుమార్ వైపు తిరిగారు.

"ప్రభుత్వం సాయంతో కొన్న బండిలో ఇలాంటి ఏర్పాటు ఎవరు పెట్టమన్నారు?"

"కంపెనీ వాళ్ళే పెట్టేసేరట సార్. మన్ని అడగనేదు," అన్నాడు ఉదయ్‌కుమార్.

"రెండోదాన్ని సస్పెండ్ చెయ్యండి."

"అప్పుడు బండి అసలు పరుగెత్తదు సార్," అంది అనూరాధ.

"అయితే మొదటిది ఏం చెప్తే అదే చెప్పమనండి. పార్టీలో ఇంతమంది చెప్పట్లేదా?"

అనూరాధ సంచిలోంచి ఒక కాగితం పొట్లం తీసి బల్లమీద విప్పింది. అందులో చిన్న కొబ్బరి ముక్క. "ఇది వైరు కలిసే చోట దొరికింది సార్. అక్కడంతా కొబ్బరినీళ్ళు. అందుకే సెన్సార్ల మాటల్లో తేడా."

ఆ కాయ ఎవరు కొట్టారో గదిలో అందరికీ తెలుసు. అందుకే అందరూ నా వైపు చూశారు. నేను టీ పోశాను. అప్పుడు మంత్రిగారి పీఏ గొంతు సవరించుకున్నాడు. చదువుకున్నవాడు.

"కాయ కొట్టింది మంత్రిగారు. మంత్రిగారి చేతి మీదుగా లోపం జరగదు. మరి పెడల్‌ని తాకినవి రెండే: మంత్రిగారి కాయ, డ్రైవరు కాలు. కాబట్టి లోపం కాలిది. ఈ-22 అనే కోడ్ నూకాలు కాలినుంచి వస్తున్నట్టు కమిటీ నిర్ధారించింది."

కమిటీ ఎప్పుడు వేశారో నాకు తెలియలేదు. బహుశా నేను గ్లాసులు కడగడానికి వెళ్ళినప్పుడు.

తీర్మానం ఇదీ: బండిని మళ్ళీ ప్రారంభిస్తారు. ఆ రోజు పసుపు లైటు వెలిగిందా, నూకాలుని సంఘం తరఫున పారాదీప్ రేవుకి పంపేస్తారు. అక్కడ ఈ-22 వచ్చే అవకాశం లేదు. ఎందుకంటే అక్కడ బండి లేదు.

ఈ సంగతి ఇంట్లో తెలిశాక మా అమ్మాయి ఈశ్వరి వంట మానేసి గుమ్మంలో కూచుంది. నూకాలే ధైర్యం చెప్పాడు.

"అదేటంత దూరం అత్తా? ఓ పూట రైలు. ఇలా ఎల్లి అలా వచ్చే..."

"ఆ మాట అనకు అల్లుడూ!"

"ఏ మాట?"

"ఏ మాటా అనకు. అన్నం తిను."

అనూరాధ వైరు విప్పి, తుడిచి, గాలి పట్టించి ఆరబెట్టి, లైటుమీది స్టిక్కర్ పీకి, కోడ్ చెరిపేసింది. బండి గోడౌను చుట్టూ దూడలా పరుగెత్తింది. "దీనికి నీళ్ళు తగలకూడదు," అని ఆవిడ చెప్పింది. "ఈసారి కాయ చక్రం దగ్గర కొట్టించండి."

"సార్ వంగలేరని ఎన్నిసార్లు సెప్పాలమ్మా?" అన్నాడు ఉదయ్‌కుమార్.

ఇక నా చేతిలో ఉన్నవి కొబ్బరికాయలే. బడ్డీలో ఉన్నవన్నీ చెవి దగ్గర పెట్టి ఊపాను. ప్రతి కాయా గలగలమంటోంది. చాలక పూర్ణా మార్కెట్టుకి పోయి అక్కడి బుట్టలు కూడా ఊపాను. "ఏటి ముసల్దానా, కాయలు కొంటావా, పలకరిత్తావా?" అని అడిగింది చిట్టమ్మ అనే కొట్టావిడ. చివరికి ఒకటి దొరికింది. ఎంత ఊపినా మాట్లాడలేదు. లోపల నీరంతా ఇంకి ఎండిపోయిన కురిడీ. పీచు సరిచేసి, పసుపు రాసి పళ్ళెంలో పెట్టాను.

రెండో ప్రారంభంలో మంత్రిగారు కాయని పెడల్ మీద కొట్టారు. ఒక్క చుక్క రాలలేదు. పంతులుగారు మంత్రం ఆపి ఆకాశం వైపు చూశారు. మంత్రిగారి ముఖం పాలిపోయింది. నీళ్ళు లేని కాయ అపశకునం మరి.

"సార్!" అని అరిచాడు ఉదయ్‌కుమార్. "సుక్క నీరు కారనేదంటే లీకేజీ నేదన్నమాట! అచ్చం మీ శాఖ లాగే!"

చప్పట్లు మోగాయి. మంత్రిగారు తేరుకుని పీట ఎక్కి, చేతులు జోడించి, "పోనీయ్" అన్నారు.

రైలుకి భయపడ్డ మనిషి కాలు తేలిగ్గా పడదు. నూకాలు నిండుగా తొక్కాడు. బండి నిండుగా విన్నది. మొదటి దండ గాల్లోనే ఉండిపోయింది. జనం, ఫోటోగ్రాఫర్లు, వేదిక, వేదికమీది నాయకులు, అందరూ వెనకబడిపోయారు. బండి జెట్టీ అంచున ఆగేసరికి మంత్రిగారు పీటమీద కూచుని రెండు కమ్మీలనీ కావిలించుకుని ఉన్నారు. కింద సముద్రం.

"సార్, లైటు నేదు సార్!" నూకాలు ఆనందం పట్టలేకపోయాడు. "ఫాల్ట్ పోయింది సార్!"

మంత్రిగారు కమ్మీలు వదలకుండానే వెనక్కి తిరిగారు.

"నా ఫాల్ట్ ఎక్కడ?" అన్నారు.

"సార్?"

"మొదటి రోజున బండి ఎంత మర్యాదగా నడిచింది! ఎలక్షన్లు వస్తున్నాయి. ఇంటింటి ముందూ ఆగినట్టు పోవాలి. అమ్మాయ్, ఆ ఈ-22 మళ్ళీ పెట్టు."

"కోడ్ తీయడమే గానీ పెట్టడం మా సర్వీస్‌లో లేదు సార్," అని అనూరాధ హెల్మెట్ పెట్టుకుంది.

ఉదయ్‌కుమార్ నా బడ్డీకి పరుగెత్తుకొచ్చాడు. "పాపాయమ్మా! మొదటి రోజు ఇచ్చేవే, అలాటి కాయ కావాల!"

"కాయ ఉంది బాబూ," అన్నాను. "కాని కోడ్ వచ్చేది కాయనుంచి కాదట కదా. మా అల్లుడి కాలినుంచట. కమిటీయే సెప్పింది."

ఉదయ్‌కుమార్ పీఏని చూశాడు. పీఏ తన నిర్ధారణని వెనక్కి తీసుకునే మనిషి కాడు. నూకాలు కుడికాలు విశాఖపట్నం దాటి వెళ్ళరాదని ఆ సాయంత్రమే ఆదేశం వచ్చింది.

ఇప్పుడు బండి మంత్రిగారి ప్రచారంలో ఉంది. పొద్దున్నే పెడల్ మీద నీరున్న కాయ ఒకటి పగులుతుంది. పసుపు లైటు వెలుగుతుంది. నూకాలు సాయంత్రం ఏమీ చెప్పకుండా ఇంటికొస్తున్నాడు.

నిన్న ఊరేగింపు నా బడ్డీ ముందునుంచే పోయింది. పక్కనుంచి కృష్ణంరాజు, మిగతా కళాసీలు నెత్తిన ఎరువుల బస్తాలతో దాన్ని దాటుకుపోయారు. మంత్రిగారు పీటమీదనుంచి వాళ్ళకి నమస్కారం పెట్టారు. వాళ్ళ చేతులు ఖాళీ లేవు. ఆయన మైకందుకున్నారు.

"చూశారా! మా పాలనలో ప్రజలు మాకంటే ముందుకు దూసుకుపోతున్నారు!"

నేను రేపటి కాయని చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. నీళ్ళు బాగానే ఉన్నాయి.