అతనొచ్చినా నేనొచ్చినా ఒకటే

ఒళ్లు వంచకుండా పుణ్యం దక్కే మార్గం ఈ లోకంలో ఒక్కటే ఉంది. దేవుడి గురించి డిబేట్! నమ్మరా? అయితే ఆమదాలవలస స్టేషన్ వెనకున్న రేకుల ప్రార్థన మందిరానికి ఒక్కసారి దయచేయండి.

ఏసు తాను దేవుడితో సమానమని చెప్పుకున్నాడా, లేదా? ఏడు ఆదివారాలుగా అక్కడ ఇదే గొడవ. చెప్పుకున్నాడంటాడు కుర్ర పాస్టరు వినోద్. ఎక్కడ చెప్పుకున్నాడో చూపించమంటాడు సంఘపెద్ద ధనరాజ్.

ఎన్ని లాభాలనుకున్నారు! రేకుల్లోంచి వాన కారుతున్నా ఎవరూ తలెత్తి చూడక్కర్లేదు. డిబేట్ తీసి యూట్యూబ్‌లో పెడితే ఒక్కో వీడియోకి ఆమెన్‌లు నలభై, తిట్లు నాలుగొందలు. భక్తి ఇంతగా పొంగిపొర్లే ఊరు మరొకటి ఉందా?

ఈ వైభవం తలకెక్కనిది ఒక్క కూర్మమ్మకే. ఆమె మొగుడు జోగయ్య ధాన్యం బస్తాలు దించుతూ పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. కట్టు కట్టినా ఎముక అతకలేదు. ఏడో ఆదివారం సాయంత్రం రైలుకి విశాఖ తీసుకెళ్లి ఆపరేషన్ చేయించాలి. అంత మొండి మనిషీ భయపడిపోయి, ఎవరైనా వచ్చి తలమీద చెయ్యేసి ప్రార్థన చేస్తే గానీ మంచం దిగనంటున్నాడు. ఇల్లు రెండు వీధుల అవతలే. మూడు ఆదివారాలుగా పిలుస్తూనే ఉంది పాపం.

ఆవేళ గుమ్మంలో నిలబడి మళ్లీ అడిగింది. ఏసుని పంపినవాడు దేవుడైతే, పంపినవాడూ వచ్చినవాడూ ఎలా సమానమవుతారని ధనరాజ్ అప్పుడే బల్ల గుద్దుతున్నాడు. మధ్యలో ఈవిడేమిటని విసుక్కున్నాడు.

"వినోద్‌ని పంపుతాన్లేవమ్మా. అతనొచ్చినా నేనొచ్చినా ఒకటే."

అంతే! వినోద్ కుర్చీలోంచి ఎగిరి లేచాడు. పంపినవాడూ వచ్చినవాడూ ఒకటేనని పెద్దాయనే ఒప్పేసుకున్నాడు, రికార్డయిందా అని కెమెరా వైపు తిరిగాడు. అది మాటవరసకి అన్నదే గానీ సిద్ధాంతం కాదని ధనరాజ్ అరిచాడు. డిబేట్ మళ్లీ మొదటికొచ్చింది. రైలుకి ఇంకో గంటే ఉంది.

కూర్మమ్మ చెప్పులేసుకుంది.

"ఆయన దేవుడితో సమానవో కాదో నాకు తెల్దు బాబూ. జబ్బు సేసినోలింటికి మాత్రం నడిసెల్లినాడంట. మీరొచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే."

ఇంటికెళ్లి జోగయ్య తలమీద తన చెయ్యే వేసి, తనకొచ్చిన నాలుగు మాటలూ దేవుడికి చెప్పుకుని, రైలెక్కించింది.

ఆ ఆదివారం వీడియోలో ఆమె మాటలు వెతక్కండి, దొరకవు. వాటిని కట్ చేసెయ్యాలన్న దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట.