పదో సీసా

కింది వంతెనను వరద ఎత్తుకుపోయాక మూడో ఏడు అది. ఆ ఏడు కొరియాలోని మా మ్యోగోక్ కౌంటీలో పుట్టిన పిల్లలు నలుగురు. అందులో ఇద్దరు కవలలు. ఈ లెక్క చూసి కౌంటీ అధ్యక్షులు నామ్‌గుంగ్ చోల్ గారు చాలా బాధపడ్డారు. బాధపడి ఊరుకునే మనిషి కాదు. ఒక ఉదయం ఊరూరా స్తంభాల మీది మైకుల్లో ఆయన గొంతు వినబడింది.

"ప్రియమైన ప్రజలారా. మగవారి స్ఖలన సమస్యలను కనిపెట్టి నయం చేయడానికి శిబిరం పెడుతున్నాం. తొందరగా అయిపోయేవారు, ఎంతసేపటికీ కానివారు, అయినా బయటికి ఏమీ రానివారు, అందరూ రావచ్చు. సిగ్గు మన శత్రువు. ధైర్యంగా పేరు చెప్పండి."

మిరప నారు నాటుతున్న ఆడవాళ్ళు నడుములెత్తి మొగుళ్ళ వైపు చూశారు. మొగుళ్ళు నారు వైపు చూశారు.

నేను కౌంటీ ఆఫీసు ఊడుస్తాను. సభలకు వేదిక కడతాను. అధ్యక్షులవారికి మాత్రలు తెస్తాను. ఆ మాత్రలు వరద నాడు మొదలయ్యాయి. వరద బాధితులను ఓదారుస్తూ ఆయన మూత్రం ఆపుకోలేక రెండుసార్లు వేదిక దిగి మరుగుదొడ్డికి పరుగెత్తారు. రెండోసారి తిరిగొచ్చేసరికి బాధితులు లేరు. మాత్రలు మొదలయ్యాక రెండున్నర గంటలు ఏకబిగిన ఓదార్చగలుగుతున్నారు. అంతటి సేవ ఇంకెక్కడా చూడలేదు.

ఆయనకు యాభై రెండు. రెండో పెళ్ళయి నాలుగేళ్ళు. భార్య యున్‌స్యోల్ గారికి బిడ్డ కావాలి. నెలకోసారి ఆఫీసుకు వచ్చి తలుపు వేసుకునేవారు. తలుపు పల్చన.

"నాలో లోపం లేదని ముగ్గురు డాక్టర్లు చెప్పారు. మీరు ఒక్కరికి చూపించుకోండి."

"ఓటర్లు ఏమనుకుంటారు?" అనేవారు ఆయన.

శిబిరానికి మూడు రోజులు ఎవరూ రాలేదు. పట్నం నుంచి వచ్చిన డాక్టరమ్మ సోన్‌వూ బార్లీ టీ తాగుతూ ఖాళీ సీసాలు సర్దుకుంటూ కూర్చుంది. అధ్యక్షులవారి మనసు కదిలింది. నాయకుడే ముందు నడవాలని, తనతో కలిపి ఆఫీసులో పదిమంది పరీక్ష చేయించుకోవాలని ఆజ్ఞ వేశారు. తొమ్మిదిమంది తేలారు. సెక్రటరీ ప్యో నన్ను పిలిచాడు.

"పెద్దాయనా, పదో పేరు మీది రాస్తున్నా."

"నాకు డెబ్భై మూడు."

"వయసు ఎవరడిగారు? పేరు చాలు."

"సీసా?"

"అది మేం చూసుకుంటాం. మీరెళ్ళి కుర్చీలు వేయండి."

పరీక్ష చిన్నదే. గదిలో ఒంటరిగా ఆ పని కానిచ్చి, తర్వాత వచ్చే మూత్రం సీసాలో పట్టివ్వాలి. అందులో వీర్యం ఎక్కువగా కనిపిస్తే, అది బయటికి రాక వెనక్కి మళ్ళినట్టు.

కుర్చీలు వేసి వచ్చేసరికి బల్ల మీద పది సీసాలున్నాయి. నా పేరున్న సీసా ముట్టుకుంటే ఇంకా వెచ్చగా ఉంది. అధ్యక్షులవారు చేతులు కడుక్కుంటున్నారు. ఆయన పేరున్న సీసా మూత ప్యో బిగిస్తున్నాడు. ప్యోకు ముగ్గురు పిల్లలు.

సిగ్గు శత్రువు కాబట్టి ఫలితాలు మైకులో చదివారు. అప్పుడు నేను ఓక్‌బున్ కొట్లో సేమ్యా తింటున్నాను.

"మన అధ్యక్షులవారికి పూర్తి ఆరోగ్యం. అంతా సరైన దారిలో సాగుతోంది. ఊడ్చే తాక్ గారికి దారి మళ్ళింది. చికిత్సకు రావాలి."

ఓక్‌బున్ గరిటె ఆపింది.

"ఏమయ్యా తాక్, ఇన్నేళ్ళు నా కొట్లో తింటూ ఆ ముక్క చెప్పనేలేదే."

"నాకూ ఇప్పుడే తెలిసింది."

"ఎటు మళ్ళిందట?"

"వెనక్కి."

"ఆఫీసులో అన్నీ అటేగా పోయేది" అని గిన్నెలో ఇంకో గుడ్డు వేసింది.

డాక్టరమ్మ నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"అంతా అయినట్టే ఉంటుంది, బయటికి మాత్రం ఏమీ రాదు. అవునా తాతా?"

"నా భార్య పోయి పంతొమ్మిదేళ్ళు."

ఆమె కాగితం మళ్ళీ చూసింది. "ఇది ప్రమాదం కాదు. కానీ పిల్లలు పుట్టడం కష్టం. చక్కెర జబ్బుతో రావచ్చు. ఈ సీసాలో చక్కెర లేదు. మూత్రం సాఫీగా రావడానికి మాత్రలేమైనా వేసుకుంటావా?"

"తెస్తాను."

"తెస్తావా, వేసుకుంటావా?"

"తెస్తాను."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. గోడ మీద బొమ్మలో అధ్యక్షులవారు నవ్వుతున్నారు. ఆ నవ్వును కాసేపు చూసి మళ్ళీ కలం తీసింది. రాస్తూ, నాకు వినబడేలా చదివింది.

"దారి మళ్ళిస్తున్నవి ఆ మాత్రలే, ఆపాలి. ఆపితే మాటిమాటికీ మరుగుదొడ్డికి వెళ్ళాల్సి వస్తుంది, ఓర్చుకోవాలి. రెండు వారాలకు నా దగ్గరికి వస్తే వేరే మందు ఇస్తాను. చాలామందికి మామూలవుతుంది."

పైన నా పేరే రాసింది.

సాయంత్రం అధ్యక్షులవారు నన్ను లోపలికి పిలిచి తలుపు వేశారు.

"పెద్దాయనా, మీ ధైర్యం కౌంటీకే ఆదర్శం. రేపు సభలో మీకు ప్రశంసాపత్రం ఇస్తున్నాను. అన్నట్టు, డాక్టరమ్మ ఏమంది?"

"నా సంగతి చెప్పింది."

"అదే, మీ సంగతే. నయమవుతుందటా?"

"నాకా?"

"మీకే. ఇంకెవరికి?"

"అవుతుందట."

ఆయన కుర్చీలో కూలబడ్డారు. చాలాసేపు బల్ల మీదున్న భార్య ఫొటోను తుడిచారు. దాని మీద దుమ్ము లేదు. పొద్దున నేనే తుడిచాను.

"దేనివల్ల వచ్చిందట?" అన్నారు మెల్లగా.

తలుపు అవతల ప్యో దగ్గాడు.

"తలుపు పల్చనండి" అని నేను వచ్చేశాను.

మర్నాడు పొద్దున సభకు ముందు, ఎప్పటిలాగే మాత్రలు తెమ్మన్నారు. రెండు గంటల ఉపన్యాసం ఉందన్నారు. నేను వెళ్ళి వట్టి చేతులతో వచ్చాను.

"మందుల షాపు తీయలేదా?"

"తీశారు."

డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం మడిచి ఆయన చేతిలో పెట్టాను. ఆయన నిలబడి చదివారు, తర్వాత కూర్చుని చదివారు.

"దీని మీద మీ పేరుందే."

"ఉండనివ్వండి."

బయటికి వెళ్ళి, వేదిక మెట్లు ఊడదీసి, మరుగుదొడ్డి వైపు బిగించాను.