అభ్యర్థి గొంతులో కొరమీను

మృగశిర కార్తె రోజున శ్యామ్‌సుందర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తెల్లారకముందే ఆబిడ్స్‌లోని తన అపార్ట్‌మెంట్ నుంచి జారుకోవాలి, నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో ఆస్తమాకి చేపమందు మింగాలి, పదకొండింటికల్లా తిరిగొచ్చి సంఘానికి అధ్యక్షుడైపోవాలి. ఆస్తమా సంగతి మాత్రం పెళ్లానికీ, ఇన్‌హేలర్‌కీ తప్ప మూడోవారికి తెలియకూడదు.

తెలిస్తే కొంప మునుగుతుంది. అపార్ట్‌మెంట్ సంఘం ఎన్నికల్లో ఆయనకూ, పై అంతస్తు విద్యాసాగర్‌కూ సమానంగా ఓట్లొచ్చాయి. మిగిలిన ఒక్క ఓటు ముద్ర సరిగ్గా ఇద్దరి పేర్ల మధ్య గీత మీద పడింది. ఆ గీత ఎవరిదన్న దాని మీద జనం రెండు వర్గాలయ్యారు. వాట్సాప్ గ్రూపులు రెండయ్యాయి, నోటీసు బోర్డులు రెండయ్యాయి. ఒక వర్గం పిలిచిన ప్లంబర్‌ని రెండో వర్గం గుమ్మం తొక్కనివ్వడం లేదు. చివరికి ఇవాళ మళ్లీ పోలింగు పెట్టారు. ఆ అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు ఎప్పుడో పాడైంది. "మెట్లెక్కలేనోడు అధ్యక్షుడా?" అన్నది విద్యాసాగర్ వర్గం నినాదం. అందుకే శ్యామ్‌సుందర్ మెట్లన్నీ ఈల వేస్తూ ఎక్కుతున్నాడు. తలుపు వేసుకున్నాక సోఫా మీద పడి గిలగిల కొట్టుకుంటున్నాడు.

ఇంత కష్టం ఎందుకంటే, ఆగస్టు పదిహేనున జెండా ఎగరేసేది అధ్యక్షుడే. ఆ ఇంట్లోకి వచ్చినప్పటి నుంచి శ్యామ్‌సుందర్‌కి ఏటా దక్కుతున్నది జెండాలో పూలు మడిచే పని. ఈసారి తాడు తానే లాగుతానన్న ధీమాతో షేర్వాణీ కూడా కుట్టించేశాడు.

"జూన్ల మంకీ క్యాప్ ఏందండీ? దొంగ అనుకుంటరు," అంది పెళ్లాం సౌభాగ్య.

"దొంగ అనుకుంటె ఓట్లు పడ్తయ్. పేషెంట్ అనుకుంటె పడయ్. ఎవరన్న అడిగితె చాదర్‌ఘాట్‌ల పెండ్లికి పోయిండని చెప్పు."

గేటు దగ్గర వాచ్‌మన్ బీరయ్య లేచి నిలబడి, "నమస్తే శ్యామ్‌సుందర్ సార్," అన్నాడు. మంకీ క్యాప్ అక్కడే ఓడిపోయింది. పైగా శ్యామ్‌సుందర్ కంగారులో "నాంపల్లి!" అని అరిచి మరీ ఆటో ఎక్కాడు.

ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో క్యూ చాంతాడంత ఉంది. ముందున్న మనిషి ఆ ఉక్కలో మఫ్లర్ చుట్టుకుని, నల్ల కళ్లద్దాలు పెట్టుకున్నాడు. శ్యామ్‌సుందర్‌కి జాలేసింది. ఇంతలో ఆ మనిషి దగ్గాడు. అది తెలిసిన దగ్గు. రోజూ రాత్రి పై అంతస్తు నుంచి వినిపించేది. తనని వెక్కిరించడానికే దగ్గుతున్నారని ఇన్నాళ్లూ అనుకున్నాడు.

"విద్యాసాగర్ గారూ?"

మఫ్లర్ ఇటు తిరిగింది. "మీరేంది గీడ?"

"మా చుట్టానికి మందు కావాలంటె వచ్చిన."

"నేను గూడ చుట్టం కోసమే."

చుట్టాలిద్దరూ రాలేదు. క్యూ కదిలింది. వలంటీరు శ్యామ్‌సుందర్ ముక్కు మూసి, పసుప్పచ్చని మందు కరిచిన కొరమీను పిల్లను గొంతులోకి తోసేశాడు. "నోరు తెర్వకున్రి సార్, బయటికి దుంకుతది!"

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. ఆయన వర్గానికి ప్రచార సారథి, మొబైల్ షాపు వెంకీ.

"అన్నా, ఏడున్నవే? పోలింగ్ టైమైతుంది!"

"హు... గ్ల్..."

"అన్నా? ఏమైందే? మాట్లాడన్నా!"

లోపల కొరమీను ఒకసారి తోకాడించింది. "గ్లుక్కు," అన్నాడు శ్యామ్‌సుందర్. వెంకీ కెవ్వుమని ఫోన్ పెట్టేశాడు. పక్కన విద్యాసాగర్ కూడా ఫోన్‌లో అదే భాష మాట్లాడుతున్నాడు. అవతల ఆయన ప్రచార సారథి బెత్సీ టీచరు.

మందు దిగాక ఇద్దరూ ఒకే ఆటో ఎక్కారు. "మీరు నన్ను చూడలె, నేను మిమ్మల్ని చూడలె," అని ఒప్పందం చేసుకుని, ఫోన్లు తీసి చూశారు.

శ్యామ్‌సుందర్ గ్రూపులో వెంకీ రాశాడు: "అన్నకు సీరియస్. మాట పడిపోయింది. వదినేమో చాదర్‌ఘాట్ పెండ్లి అంటుంది, బీరయ్యేమో నాంపల్లి అంటుండు. ఏ దవాఖానల ఉన్నడో వదిన దాస్తుంది, పాపం." దాని కింద చేతులు జోడించిన బొమ్మలు. అవతలి వర్గం వాళ్లు కూడా ఇటొచ్చి ఏడుస్తున్న బొమ్మలు పెట్టారు. సానుభూతి గాలి ఎటు వీస్తోందో బెత్సీ టీచరు పసిగట్టింది. విద్యాసాగర్ గ్రూపులో ఆమె పిలుపు: "మన సార్ పరిస్థితి ఇంకా విషమం. ప్రార్థన చేయండి." వెంకీ ఊరుకుంటాడా? "మా అన్న వెంటిలేటర్ మీదున్నడు." బెత్సీ టీచరు జవాబు: "మా సార్‌కి రెండు."

"మీకు ఒకటి ఎక్కువ పెట్టిన్రు," అన్నాడు శ్యామ్‌సుందర్ అసూయగా.

"మా క్యాడర్ గట్టిది," అన్నాడు విద్యాసాగర్.

రోగం దాస్తే ఓట్లు పడతాయనుకుంటే, ఇప్పుడు రోగానికే ఓట్లు పడేలా ఉన్నాయి. గేటు దగ్గర దిగేసరికి ఇద్దరూ కుంటుతున్నారు. ఆస్తమాకి కుంటడం దేనికో ఇద్దరికీ తెలియదు. కానీ ఒకరు మొదలుపెట్టాక రెండోవారికి ఆగే వీల్లేదు.

సెల్లార్‌లో మీటింగు అప్పటికే అయిపోయింది. అధ్యక్షుడి కుర్చీలో మెడనిండా దండతో సౌభాగ్య కూర్చుని ఉంది.

"అన్నా, బతికే ఉన్నవా?" అన్నాడు వెంకీ, కొంచెం నిరాశగా. "నీ సింపతీ వేస్ట్ పోవద్దని వదినను నిలబెట్టినం. ఏకగ్రీవం!"

"రెండు వెంటిలేటర్ల మనిషిని నేనెట్ల నిలబెట్టేది?" అని బెత్సీ టీచరు విద్యాసాగర్ వైపు చూసి తల దించుకుంది.

"పెండ్లి అన్నకొద్దీ ఏడ్చిన్రండీ. నేనేం జెయ్యాలె?" అంది సౌభాగ్య.

"చెల్లదు! మేం మంచిగున్నం!" అన్నారు అభ్యర్థులిద్దరూ ఒక్క గొంతుతో. అందరి ముందూ వాళ్లు ఏకాభిప్రాయానికి రావడం అదే మొదలు.

"గట్లనా? మరి పైదాక ఉరికి చూపించున్రి," అంది బెత్సీ టీచరు.

ఇద్దరూ మెట్ల వైపు చూశారు. మెట్లు కూడా వాళ్ల వైపే చూస్తున్నట్టు అనిపించింది. శ్యామ్‌సుందర్ మెల్లగా ఒక కుర్చీ లాక్కున్నాడు. విద్యాసాగర్ ఇంకొకటి లాక్కున్నాడు.

"పాపం, పేషెంట్లకు జర నీళ్లియ్యి బీరయ్యా," అంది అధ్యక్షురాలు. "రేపటినుంచి లిఫ్ట్ పని మొదలు పెట్టియ్యాలె."

ఆగస్టు పదిహేనున సౌభాగ్య తాడు లాగుతుందని ముందే తేలిపోయింది గనక, జెండాలో పూలు మడిచే పనికి శ్యామ్‌సుందర్ మీద విద్యాసాగర్ పోటీకి దిగాడు. ఓట్లు మళ్లీ సమానంగా వచ్చాయి.