ఇంటింటికీ ఒక స్కానర్

మంగళవారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు, సింగతోకా మార్కెట్ ఎదుటి మైదానంలో, గృహ వాహన ఆరోగ్య శాఖ మంత్రి ఇనోకే వునిదాము దేశంలో బండ్లకు ఇక లోపాలు ఉండవని ప్రకటించారు. ఇంటింటికీ చవకగా ఒక స్కానర్ ఇస్తారు. స్టీరింగ్ కింద ఉన్న సాకెట్‌లో దాన్ని గుచ్చితే బండి తన రోగం తానే చెప్పుకుంటుంది. ఏ స్కానర్ కొనాలో తేల్చడానికి అక్కడికక్కడే ఒక కమిటీ వేశారు. సభ్యులు అయిదుగురు. ఇద్దరికి డ్రైవర్లున్నారు. ఇద్దరు మంత్రిగారి బండిలో వస్తారు. అయిదో ఆయనకు పడవ ఉంది.

మైదానం చివర టాక్సీ స్టాండులో నవితలై ఈ ప్రసంగమంతా విన్నాడు. అతని టాక్సీ జపాన్‌లో పదకొండేళ్లు తిరిగి ఓడెక్కి వచ్చింది. నెల రోజులుగా దాని డాష్‌బోర్డు మీద, ఇంజన్‌లో ఏదో తేడా ఉందని చెప్పే పసుపు లైటు వెలుగుతోంది. ఆ లైటుతో తనిఖీకి వెళితే పర్మిట్ ఇవ్వరు. తనిఖీ మూడు వారాల తర్వాతి శుక్రవారం. పర్మిట్ లేకపోతే లోయలోని ఊళ్ల నుంచి ఎనిమిది మంది పిల్లల్ని బడికి చేర్చే పని పోతుంది. ఇల్లు గడిచేది ఆ పని మీదే.

స్కానర్ విషయంలో అతను ప్రభుత్వం కన్నా ఒక రోజు ముందున్నాడు. సోమవారం లౌతోకా వెళ్లి, పెరుమాళ్ దుకాణంలో మూడు రకాలు తన బండికే గుచ్చి చూశాడు. ఇరవై అయిదు డాలర్లది తన లైటు తాను వెలిగించుకుని ఊరుకుంది. నాలుగు వందలదాన్ని వాడటానికి ముందు ఒక కోర్సు చదవాలి. అరవై డాలర్లది మాత్రం తెర మీద మూడు లోపాల నంబర్లు చూపించింది.

"సాకెట్ అన్నిటికీ ఒకేలా ఉంటుందన్నా, భాషే వేరు. జపాన్ బండి అందరితోనూ మాట్లాడదు. గుచ్చి చూడు, పలికితేనే కొను" అన్నాడు పెరుమాళ్.

నవితలై కొన్నాడు. ఆ నంబర్లకు అర్థమేమిటో మర్నాడు సాయంత్రం ఇంట్లో తీరిగ్గా చూసుకుందామనుకున్నాడు.

మర్నాడు సాయంత్రం ఫిలిమోనీ వచ్చాడు. అతను నవితలైకి మేనమామ కొడుకు, మంత్రిగారికి ఆంతరంగిక కార్యదర్శి. చేతిలో, దంచి నీళ్లలో కలుపుకుని తాగే యంగోనా వేళ్ల కట్ట ఉంది. ఆ కట్ట చాప మీద పెట్టి బంధువు ఏదైనా అడిగితే కాదనడం అక్కడ లేదు. ఆ పద్ధతిలోనే నవితలై బూట్లు, చేపల వల, ఒకసారి వంటింటి తలుపు ఫిలిమోనీ ఇంటికి చేరాయి.

"బావా, నీ దగ్గరేదో స్కానర్ ఉందట. కమిటీవాళ్లు ఇంతవరకూ స్కానర్ అనేదాన్ని చూడలేదు. నమూనాకి కావాలి" అన్నాడు ఫిలిమోనీ.

"తనిఖీ శుక్రవారానికైనా తిరిగి ఇస్తావా?"

"అడిగి తీసుకున్నదాన్ని తిరిగి అడుగుతారా బావా? మీ ఊళ్లో పద్ధతులు మారాయా ఏంటి?"

నవితలై స్కానర్ ఇచ్చాడు. అతని భార్య అతెలైనీ లోపలి నుంచి, తలుపు లేని వంటింట్లో అన్నీ వినిపిస్తున్నాయని చెప్పింది.

కమిటీ మరుసటి సోమవారం సమావేశమైంది. లబ్ధిదారుల ప్రతినిధిగా నవితలైని పిలిచారు. అతని స్కానర్‌ను ఒక గాజుపెట్టెలో పెట్టి, సీలు వేసి, నంబరు ఇచ్చారు. స్కానర్ ఎంపికకు మొత్తం వంద మార్కులు. పెట్టె మీద మంత్రిగారి ఫొటోకు చాలినంత చోటు ఉంటే ముప్పై. కరపత్రం కాగితానికి ఇరవై అయిదు. శిక్షణ విదేశంలో ఇస్తే ఇరవై. మిగతావి తెర వెడల్పుకు, ధరకు పంచారు. నవితలై చెయ్యెత్తి, కొనేముందు ఒక బండికి గుచ్చి చూస్తే బాగుంటుందన్నాడు.

చైర్‌పర్సన్ ఉనైసీ కళ్లజోడు తీసి పక్కన పెట్టారు.

"ఏ బండికి, నవితలై గారూ?"

"ఏదో ఒకదానికి మేడమ్. నాది బయటే ఉంది."

"మీ బండికి గుచ్చితే మిగతా బండ్లకు అన్యాయం చేసినట్టు కాదూ? ఈ కమిటీకి పక్షపాతం అంటగట్టకండి."

పక్షపాతం లేదని మినిట్స్‌లో రాశారు. నవితలై సూచనను ఏ బండికీ గుచ్చకుండానే పరిశీలించినట్టు కూడా రాశారు. కమిటీ మర్నాడు అధ్యయనానికి విమానమెక్కింది.

రెండో వారంలో నవితలై తానే ఒక యంగోనా కట్ట కొన్నాడు. సువాలోని శాఖ కార్యాలయానికి వెళ్లి, ఫిలిమోనీ బల్ల ముందు నేల మీద కూర్చుని, తన స్కానర్ తనకు ఇవ్వమని పద్ధతి ప్రకారం అడిగాడు. ఫిలిమోనీ కుర్చీ దిగి వచ్చి కట్టను రెండు చేతులా అందుకున్నాడు. పద్ధతి మనుషులకు వర్తిస్తుందనీ, శాఖకు వర్తించదనీ వివరించాడు. శాఖ తీసుకోగలదు, ఇవ్వడానికి దానికి నిబంధన లేదు. కట్టకు మాత్రం రసీదు ఇచ్చాడు.

"మరి నా పర్మిట్ సంగతేంటి బావా? పిల్లల పని పోతుంది" అన్నాడు నవితలై.

"నీ పర్మిట్ నేను చూసుకుంటా. ప్రారంభోత్సవంలో మొదటి బండి నీదే."

తనిఖీ ఉన్న శుక్రవారమే, మధ్యాహ్నం రెండు గంటలకు, అదే మైదానంలో ప్రారంభోత్సవం జరిగింది. ఎంపికైన స్కానర్ అమెరికా బండ్ల కోసం తయారైనది. పెట్టె సగం మంత్రిగారి ఫొటో. సబ్సిడీ పోను ధర రెండు వందల తొంభై డాలర్లు. నవితలై టాక్సీకి మంత్రిగారే గుచ్చారు. తెర మీద రెండు వరుసలు వచ్చాయి. మొదటిది: బండి జవాబు ఇవ్వలేదు. రెండోది: లోపాలు 0. మంత్రిగారు రెండోది మైకులో చదివారు.

తర్వాత వరసలో ఉన్న నలభై బండ్లకు గుచ్చారు. నలభైకీ సున్నా. మూడు వారాల కిందట మైదానంలో ఒక్క బండి కూడా లోపం లేదని చెప్పే స్థితిలో లేదనీ, ఈ రోజు నలభై ఒకటి ఉన్నాయనీ మంత్రిగారు లెక్క చెప్పారు. తనిఖీకి ఇకపై ఈ స్కానర్ ఇచ్చే చీటీ చాలని, చీటీలో లోపం చూపిన బండి రోడ్డెక్కరాదని ఉత్తర్వు మీద సంతకం చేశారు.

నవితలై ఉనైసీ దగ్గరకు వెళ్లి, పసుపు లైటు ఇంకా వెలుగుతూనే ఉందని చెప్పాడు.

"వెలుగుతోందంటే లైటు బాగున్నట్టే కదా" అన్నారామె.

తనిఖీ అధికారి అతని పర్మిట్ మీద ముద్ర వేశాడు. తోటి డ్రైవర్లు కరచాలనం చేశారు.

రెండు నలభైకి, ఫొటోల కోసం, మంత్రిగారి అధికారిక వాహనానికి గుచ్చారు. ఆ వాహనం అమెరికాలో తయారైంది, వచ్చి రెండు నెలలైంది. అది వెంటనే జవాబిచ్చింది. లోపాలు ఆరు. ఉత్తర్వు అమల్లోకి వచ్చి పది నిమిషాలైంది. కెమెరాలు ఇంకా అక్కడే ఉన్నాయి. వాహనాన్ని మైదానంలోనే వదిలేశారు.

మంత్రిగారికి అయిదు గంటలకు విమానం ఉంది. విదేశీ సదస్సులో ఈ పథకం గురించి మాట్లాడాలి. ఫిలిమోనీ వెళ్లి నవితలై టాక్సీ వెనక తలుపు మంత్రిగారి కోసం తీశాడు. మూడున్నరకు బడి వదులుతారని, పిల్లలు గేటు దగ్గర నిలబడి ఉంటారని నవితలై చెప్పాడు.

"పర్మిట్ ఇచ్చిన చేతులతోనే అడుగుతున్నా బావా" అన్నాడు ఫిలిమోనీ.

మూడు గంటల అయిదు నిమిషాలకు సింగతోకా వంతెన మధ్యలో టాక్సీ ఆగింది. ఫిలిమోనీ ఒళ్లోని కొత్త స్కానర్ తీసి గుచ్చాడు. సున్నా వచ్చింది. మంత్రిగారు తెర చూసి తల ఊపి, దిగి, వెనక వచ్చిన బస్సెక్కారు. ఆదర్శం కోసం మంత్రిగారు ప్రజా రవాణాలో ప్రయాణించారని శాఖ మూడు నలభైకి ప్రకటన ఇచ్చింది. పిల్లలు నాలుగున్నరకు చెరకు లారీ ఎక్కి ఊళ్లకు వెళ్లారు. సోమవారం నుంచి వేరే బండి చూసుకుంటామని ఇద్దరు తండ్రులు ఫోన్ చేశారు.

నవితలై లాగుడు బండి కోసం శాఖ సహాయ కేంద్రానికి ఫోన్ చేశాడు. అక్కడి ఉద్యోగిని నంబరు అడిగి కంప్యూటర్‌లో చూసింది. లోపం ఉన్న బండ్లకే లాగుడు బండి పంపుతామని, ఈ బండికి లోపం లేదని మధ్యాహ్నం రెండు గంటలకు నమోదైందని చెప్పింది.

అయిదు నలభైకి ట్రాఫిక్ కానిస్టేబుల్ వచ్చాడు. చీటీ, పర్మిట్ రెండూ పరిశీలించాడు. లోపం లేని బండిని కారణం లేకుండా వంతెన మీద నిలిపినందుకు నవితలైకి జరిమానా రాశాడు.